ఇంట్లో కడుతున్న విమానానికి ఫోమ్, ఫైబర్‌గ్లాస్ సీటు: పొర ఎందుకు లేచిపోతోంది, బలం ఎంత ఉండాలి?

చర్లపల్లి షెడ్డు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను లేత్ పని చేసుకుని బతికేవాడిని. మూడేళ్లుగా చర్లపల్లిలోని మా రేకుల షెడ్డులో, మా బావమరిది తోడుగా, ఒక్కరే కూర్చునే చిన్న విమానాన్ని కొనుక్కున్న నక్షల ప్రకారం కట్టుకుంటున్నాను. స్టీలు పైపుల చట్రం వెల్డింగ్ అయిపోయింది, తోక భాగం సిద్ధంగా ఉంది, రెక్కల పని సగంలో ఉంది. నక్షలో సీటంటే రెండు అడ్డ పైపుల మధ్య లాగి కట్టిన కాన్వాసు పట్టీ మాత్రమే. నాకు నడుము నొప్పి పాతదే. అలాంటి పట్టీలో అరగంట కూర్చుంటే లేవడానికి ఎవరో ఒకరు చెయ్యి ఇవ్వాల్సి వస్తోంది. అందువల్ల పట్టీకి బదులు, ఫోమ్ మీద ఫైబర్‌గ్లాస్ వేసిన గట్టి సీటును నా ఒంటికి సరిపోయేలా తయారు చేసుకోవాలని నిశ్చయించుకున్నాను. ఇంతవరకు చేసినదీ, చెడగొట్టుకున్నదీ దాచకుండా రాస్తున్నాను. చేయి తిరిగినవారు సలహా చెప్పగలరు.

మొదటి ప్రయత్నం పూర్తిగా వృథా అయింది. ఒక ఫైబర్ దుకాణంలో అడిగితే, ఏ రెజిన్ అయినా ఒకటేనని చెప్పి పాలిస్టర్ రెజిన్, కోబాల్ట్, క్యాటలిస్టు చేతిలో పెట్టారు. థర్మోకోల్ దిమ్మెను రంపపు బ్లేడుతో రెండు రోజులు చెక్కి దాని మీద ఆ రెజిన్ పూయగానే, నీళ్లలో పడ్డ పంచదార చిలకలా దిమ్మె నా కళ్ల ముందే కుంగిపోయింది. పాలిస్టర్ రెజిన్‌లో ఉండే స్టైరీన్ థర్మోకోల్‌ను కరిగిస్తుందని, ఎపాక్సీ అనే మరో రకం రెజిన్ కరిగించదని ఆ తర్వాత చదివి తెలుసుకున్నాను.

రెండోసారి జాగ్రత్తగా మొదలుపెట్టాను. చెక్క పెట్టెలో తడి ఇసుక నింపి, దాని మీద పాలిథిన్ కవరు పరచి, విమానంలో ఎలా కూర్చోవాలో అలా కాళ్లు చాపుకుని పావుగంట కదలకుండా కూర్చున్నాను. లేచిన తర్వాత ఇసుకలో మిగిలిన గుంతను ప్రతి 5 సెంటీమీటర్లకు ఒక అట్టముక్కతో కొలిచి, ఆ అట్టల ప్రకారం ప్లైవుడ్ అచ్చులు కోశాను. గాలిమరల రెక్కలకు వాడే పీవీసీ ఫోమ్ షీటు ముక్కలు దొరికాయి. మందం 10 మిల్లీమీటర్లు, బరువు ఘనమీటరుకు 60 కిలోలు. వంపు తిరగడానికి షీటు వెనుకవైపు ప్రతి 2 సెంటీమీటర్లకు ఒక గాటు పెట్టాను. దాని మీద 200 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు 200 గ్రాముల) గ్లాసు గుడ్డను రెండు వైపులా రెండేసి పొరలు వేయాలన్నది నా ఆలోచన. ఎపాక్సీ ఎల్‌వై 556, హార్డనర్ హెచ్‌వై 951. వంద గ్రాములకు పది గ్రాముల చొప్పున త్రాసులో తూచి కలుపుతున్నాను.

అసలు సీటు వేసే ముందు, తొడ నుంచి నడుముకు తిరిగే వంపుతో సహా అడుగు చదరం ముక్కను నమూనాగా వేసి చూశాను. ఏప్రిల్ ఎండకు భయపడి ఉదయం 6 గంటలకే మొదలుపెట్టి 8 గంటలకు ముగించాను. అప్పుడు గాజులా నిగనిగలాడిన ముక్క మీద, 10 గంటలయ్యేసరికి ఆవగింజలంత తెల్లటి మచ్చలు తేలాయి. ముఖ్యంగా గాట్లు పెట్టిన చోట వరుసగా తేలాయి. వంపు లోపలి భాగంలో రూపాయి బిళ్లతో తట్టి చూస్తే అరచేయి మేర డొల్ల శబ్దం వస్తోంది. తక్కినచోట గట్టిగా టకటకమంటోంది.

ఎండ తగలకుండా చేసినా ఇలా ఎందుకు జరిగిందో నాకు అర్థం కావడం లేదు. రెండేసి పొరలు సరిపోతాయా, ఇంకా పెంచాలా అన్నదీ తేల్చుకోలేకపోతున్నాను. బెల్టులను ఈ సీటుకే బిగించవచ్చా? పైన ఎలాంటి దిండు వేసుకోవాలి? నా బరువు బట్టలతో, బూట్లతో కలిపి 85 కిలోలు.

బాలానగర్ ఫైబర్ పని (జవాబు)

చర్లపల్లి గారికి నమస్కారం. 22 ఏళ్లుగా బాలానగర్‌లో బస్సు ప్యానెళ్లు, రసాయనాల ట్యాంకులు, యంత్రాల మూతలు ఫైబర్‌తో చేస్తున్నాను. విమానం పని నేను చేయలేదు కనుక బలం లెక్కలు తెలిసినవారికి వదిలేస్తాను. ఆ తెల్ల మచ్చల సంగతి మాత్రం నాకు బాగా తెలుసు. ఈ ఊళ్లో ఫోమ్ మీద పనిచేసే ప్రతివాడినీ అవి ఒకసారైనా ఏడిపించి ఉంటాయి.

మీరు ఎండకు భయపడి ఉదయం చేశారు. పొరపాటు అక్కడే జరిగింది. తెల్లవారుజామున చల్లగా ఉన్న ఫోమ్ కోసిన కణాల్లో, గాట్లలో, అతుకుల్లో చల్లటి గాలి నిండి ఉంటుంది. మీరు రెజిన్ పూసి దాన్ని మూసేశారు. పొద్దెక్కే కొద్దీ రేకుల షెడ్డు వేడెక్కి, లోపలి గాలి వ్యాకోచించి, ఇంకా గట్టిపడని రెజిన్‌ను తోసుకుంటూ పైకి వచ్చింది. మచ్చలు గాట్ల వెంబడే వరుసగా రావడమే దానికి సాక్ష్యం. అదే పనిని సాయంత్రం 5 గంటలకు, షెడ్డు బాగా కాగి చల్లబడడం మొదలైన తర్వాత చేయండి. ఫోమ్ చల్లబడుతుంటే లోపలి గాలి ముడుచుకుని, రెజిన్‌ను పైకి నెట్టడానికి బదులు కణాల్లోకి లాక్కుంటుంది. అదే రెజిన్, అదే గుడ్డ, అదే చేయి. వేళ మారితే ముక్క మారిపోతుంది.

సాయంత్రమంటే షెడ్డు ఇంకా 38, 39 డిగ్రీల మీదే ఉంటుంది కాబట్టి కలిపిన రెజిన్ తొందరగా గట్టిపడుతుందన్న భయం సహజమే. ఒక్కసారి 100 గ్రాములకు మించి కలపకండి. కలిపిన వెంటనే గ్లాసులో ఉంచకుండా వెడల్పాటి పళ్లెంలో పల్చగా పోసుకోండి. కుప్పగా ఉంటే తన వేడికి తానే ఉడికి, పొగలు కక్కి, ప్లాస్టిక్ గ్లాసును కూడా కరిగిస్తుంది. రెజిన్ డబ్బాను మధ్యాహ్నం నుంచే నీళ్ల బకెట్‌లో నిలబెట్టి ఉంచితే మరికొన్ని నిమిషాలు కలిసొస్తాయి. మూత గట్టిగా బిగించి, లోపలికి తడి చేరకుండా చూసుకోవాలి.

మీరు రాసినదాన్ని బట్టి, ఫోమ్ మీద నేరుగా గుడ్డ వేసినట్టు తోస్తోంది. ముందుగా మైక్రోబెలూన్ పొడిని (లోపల బోలుగా ఉండే అతి చిన్న గాజు గోళాల పొడి) ఎపాక్సీలో కలిపి, దోసెపిండి జారుడుగా చేసి, ఫోమ్ అంతటా పూసి రబ్బరు ముక్కతో గీకేయాలి. కణాలు మూసుకుంటాయి, పైన గుడ్డకు అందాల్సిన రెజిన్ ఫోమ్ తాగేయకుండా ఉంటుంది, బరువూ తగ్గుతుంది. గాట్లలోకి మాత్రం ఇదే మిశ్రమాన్ని చపాతీ ముద్దంత గట్టిగా చేసి, వంచిన తర్వాత కూరాలి. గాట్లు ఖాళీగా ఉంటే అక్కడ ఫోమ్ ఉన్నట్టు కనిపిస్తుందేగాని బలం ఉండదు. నన్నడిగితే ఎక్కువ గాట్లు పెట్టడం కన్నా, హాట్ ఎయిర్ గన్‌తో షీటును నిదానంగా వేడిచేసి అచ్చు మీద వంచి, చల్లారేదాకా ఇసుక సంచులతో అదిమి ఉంచడం మంచిది. ముందు పనికిరాని ముక్క మీద చేయి అలవాటు చేసుకోండి. పీవీసీ ఫోమ్‌ను, పీయూ (పాలీయురేతేన్) ఫోమ్‌ను వేడి తీగతో మాత్రం ఎన్నడూ కోయకండి. వచ్చే పొగ విషం. తీగతో కోయడానికి పనికొచ్చేది థర్మోకోల్ జాతి ఫోమ్ ఒక్కటే.

వంపులో డొల్లకు కారణం వేరు. లోపలి మూల మరీ బిగువుగా ఉంటే గుడ్డ మూలలోకి దిగకుండా, రెండు గోడల మధ్య కట్టిన దండెంలా గాలిలో నిలుస్తుంది. ఆ మూలను మైక్రో ముద్దతో బొటనవేలు దిగేంత గుండ్రంగా నింపి, ముద్ద తడిగా ఉండగానే గుడ్డ వేయండి. గుడ్డను నేతకు ఏటవాలుగా, 45 డిగ్రీల కోణంలో కోస్తే, చీర కుచ్చిళ్లు ఒదిగినట్టు వంపులో ఒదుగుతుంది; నిలువుగా కోసిన గుడ్డ మొండికేస్తుంది. అయితే వీపు భాగంలాంటి చదునైన చోట ఒక పొర నిలువుగా, ఒకటి ఏటవాలుగా వేసుకోవచ్చు.

ఆ నమూనా ముక్కను పారేయకుండా డొల్ల ఉన్నచోట కోసి, పొరను చేత్తో పీకి చూడండి. ఊడిన పొర వెనుక ఫోమ్ పొడి చిరిగి అంటుకుని ఉంటే అతుకు మంచిదే, ఫోమే తెగిందని అర్థం. వెనుక భాగం నున్నగా మెరుస్తుంటే రెజిన్ అసలు ఫోమ్‌ను పట్టుకోలేదన్నమాట.

మరో నాలుగు మాటలు తొందరగా చెబుతాను. దుకాణంలో చవకగా దొరికే గ్లాస్ మ్యాట్‌ను దీనికి వాడవద్దు. దాని జిగురు పాలిస్టర్ రెజిన్‌లోని స్టైరీన్‌లో కరగడానికి చేసింది, ఎపాక్సీలో సరిగా కరగదు, పైగా అది రెజిన్‌ను విపరీతంగా తాగుతుంది. వేయబోయే గుడ్డ ఎంత తూగుతుందో అంతే బరువు రెజిన్‌లో పని ముగియాలి. చేతిపనిలో అంతకన్నా ఎక్కువ పట్టిందంటే అది బలం కాదు, మోత బరువు. చివరి పొర మీద సిలికాన్ పూత లేని పల్చటి పాలిస్టర్ గుడ్డ పరచి, గట్టిపడ్డాక పీకేస్తే అదనపు రెజిన్ దానితో పోతుంది, తర్వాత అతికించాల్సిన చోట గరుకుదనం మిగులుతుంది. వానాకాలంలో పని చేయాల్సివస్తే, గట్టిపడిన పొర మీద జిడ్డులాంటి తెర ఏర్పడుతుంది. దాన్ని నీళ్లతో కడిగి, ఆరాక గరుకు కాగితంతో రుద్దిన తర్వాతే మరో పొర వేయాలి, లేకపోతే అంటదు.

చేతులకు కొబ్బరినూనె రాసుకుంటే చాలని మా వాళ్లు కొందరు అంటుంటారు. దయచేసి నమ్మకండి. నైట్రైల్ గ్లోవ్స్ వేసుకోండి. నా దగ్గర పనిచేసిన ఒక కుర్రవాడికి హార్డనర్ పడక చేతులు వాచి, ఆ పనే మానుకోవాల్సి వచ్చింది. ఒకసారి ఒళ్లు తిరగబడితే మళ్లీ అలవాటు కాదు. గ్లాసు రుద్దేటప్పుడు మూతికి చేతిరుమాలు చాలదు, మంచి మాస్కు పెట్టుకోండి.

తార్నాక విశ్రాంత ఇంజనీరు (జవాబు)

బాలానగర్ గారు చెప్పినదాంట్లో ఒక్క మాట కూడా తీసేయవలసింది లేదు. నేను విమాన నిర్మాణాల బలపరీక్షల్లో ఉద్యోగం చేసి విరమించినవాడిని కనుక తక్కిన ప్రశ్నలు నా వంతు తీసుకుంటాను.

చర్లపల్లి గారూ, మొదటగా ఒక విషయం గట్టిగా చెప్పాలి. మీరు మారుస్తున్నది ఆసనం మెత్తదనాన్ని కాదు, విమానం నిర్మాణంలో ఒక భాగాన్ని. కాన్వాసు పట్టీ వేసిన రూపకర్త అది సాగుతుందని, ఆ సాగుదలలో కొంత దెబ్బ అణుగుతుందని లెక్క వేసుకుని ఉండవచ్చు. కనుక మీ నమూనా కొలతలతో ఆయనకు రాసి, ఆయన అంగీకారం కాగితం మీద తీసుకోండి. రేపు డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) అనుమతి కోరినప్పుడు కూడా ఆ కాగితం మీ వెంట ఉండాలి.

ఫోమ్‌ను చెక్కి దాని మీద నేరుగా గ్లాసు వేసే పద్ధతిని, అచ్చుల అవసరం లేకుండా ఇంట్లో కట్టుకునేవారికి అందించిన వ్యక్తి అమెరికా రూపకర్త బర్ట్ రూటన్. ఆయన వేరీ-ఈజీ 1975లో, లాంగ్-ఈజీ 1979లో ఎగిరాయి. మన దేశంలో బెంగళూరు ఎన్‌ఏఎల్ (నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్) వారు కూడా లాంగ్-ఈజీ ఆధారంగానే ఒక తేలికపాటి పరిశోధన విమానాన్ని నిర్మించారు. కాంపోజిట్‌తో (రెజిన్‌లో తడిపిన ఫైబర్‌తో) చేసిన వారి హన్స శిక్షణ విమానం ఆ తర్వాత 1993లో ఎగిరింది. ఈ చరిత్ర ఎందుకు చెబుతున్నానంటే, లాంగ్-ఈజీలో ముందు సీటు వీపు భాగం విడి వస్తువు కాదు, విమానం శరీరాన్ని అడ్డంగా పట్టి ఉంచే గోడ, అంటే బల్క్‌హెడ్. సీటు మీద పడిన బరువు చుట్టూ ఉన్న గోడల్లోకి పొడవునా పాకిపోతుంది. మీ విమానం స్టీలు పైపులది. మీ సీటు నాలుగు చోట్ల మాత్రమే పైపుల మీద ఆనుతుంది కాబట్టి, బరువంతా ఆ నాలుగు చోట్లకే వచ్చి పోగవుతుంది. ఆ విమానాల ఫొటోలు చూసి మీది కూడా అలాగే పనిచేస్తుందని అనుకోకూడదు.

అందుకే బెల్టుల ప్రశ్నకు జవాబు ఒక్కటే: వద్దు. చిన్న విమానాల నిబంధనల్లో అత్యవసరంగా దిగేటప్పుడు కూర్చున్నవారిని ఆపవలసిన కనీస బలాలు ముందుకు 9 జీ (అంటే మామూలు బరువుకు తొమ్మిది రెట్లు), పైకి 3 జీ, పక్కకు 1.5 జీ. మీ 85 కిలోల శరీరం 9 జీ వద్ద 765 కిలోల బరువుతో ముందుకు లాగుతుంది. దాన్ని 10 మిల్లీమీటర్ల ఫోమ్ పలకకు అప్పగించకండి. నడుము బెల్టు, భుజాల బెల్టు రెండూ చట్రానికే, రూపకర్త చూపించిన లగ్గులకే (బెల్టు బిగించడానికి చట్రం మీద ఉండే చెవుల్లాంటి పలకలకే) బిగించాలి. సీటులో వాటికి దారి ఇచ్చే గాట్లు మాత్రం ఉండాలి, ఆ గాట్ల అంచులను ఫోమ్ బయటపడకుండా గుడ్డతో మూసేయాలి. భుజాల బెల్టు కట్టే చోటు మీ భుజం ఎత్తు కన్నా కింద ఉండకూడదు. కిందుంటే ఆగే క్షణంలో బెల్టు భుజాలను కిందికి లాగి, వెన్నెముకనే నొక్కేస్తుంది. మీ కొత్త సీటు పాత పట్టీ కన్నా మిమ్మల్ని ఎన్ని సెంటీమీటర్లు పైకి లేపుతుందో కొలిచి, ఈ ఎత్తును మళ్లీ సరిచూసుకోండి.

ఇక ఎన్ని పొరలన్న ప్రశ్న. మధ్యలో ఫోమ్, ఇరువైపులా గ్లాసు ఉన్న ఇలాంటి శాండ్‌విచ్ పలకలో వంపును ఆపేది పొరల సంఖ్య కన్నా, పై పొరకు కింది పొరకు మధ్య దూరం. ఫోమ్ మందాన్ని 10 నుంచి 20 మిల్లీమీటర్లకు పెంచితే, అవే పొరలతో పలక దాదాపు నాలుగు రెట్లు బిగువవుతుంది. పెరిగే బరువు చదరపు మీటరుకు 600 గ్రాములు మాత్రమే. మీ సీటు వైశాల్యం సుమారు 0.9 చదరపు మీటరు అనుకుంటే, 10 మిల్లీమీటర్ల ఫోమ్ 540 గ్రాములు, నాలుగు పొరల గుడ్డ 720 గ్రాములు, రెజిన్ మరో 720 గ్రాములు, మైక్రోకూ బలం ముక్కలకూ కొంత కలుపుకుని రెండున్నర కిలోల లోపే ముగుస్తుంది. కూర్చునే భాగంలో మాత్రం ఫోమ్‌ను 20 మిల్లీమీటర్లు చేసి, వీపును పదిలోనే ఉంచండి. ఎక్కేటప్పుడు మోకాలు ఆన్చే ముందు అంచు మీద, మడమ పడే చోట మూడో పొర అవసరం; పల్చటి పొర కింద ఫోమ్ ఒకసారి నలిగిందంటే అక్కడి నుంచి పొర లేవడం మొదలవుతుంది.

ఆనే నాలుగు చోట్లే నా అసలు ఆందోళన. ఫోమ్‌లోంచి నేరుగా బోల్టు వేసి బిగిస్తే, నట్టు తిప్పుతుండగానే ఫోమ్ నలుగుతుంది. అక్కడ ఫోమ్ తీసేసి అదే మందం మంచి ప్లైవుడ్ ముక్కను ఎపాక్సీతో కూర్చాలి. ముక్క, సీటును పైపుకు బిగించే క్లాంపు కన్నా బాగా పెద్దదిగా ఉండాలి, అంచులు నిటారుగా కాక ఏటవాలుగా చెక్కాలి, దాని మీద అదనపు పొరలు ఒకదాని కన్నా ఒకటి పెద్దవిగా మెట్లు మెట్లుగా దిగాలి.

కిందికి పడే దెబ్బ గురించి కొంచెం నిదానంగా చదవండి. విమానం సెకనుకు 5 మీటర్ల వేగంతో కిందికి దిగి నేలను తాకిందనుకుందాం; మనిషి ఛాతీ ఎత్తు గోడ మీద నుంచి కూర్చున్నవాడు కూర్చున్నట్టే పడడం లాంటిది. ఆ వేగాన్ని 15 జీ మించకుండా, ఒకే బలంతో ఆపాలంటే 8.5 సెంటీమీటర్ల దూరం కావాలి. అంత దూరం ఇచ్చేది మీ సీటు కింద ఏముంది? ఫోమ్ తన మందంలో మూడింట రెండు వంతుల దాకానే నలుగుతుంది కనుక, ఆ దూరం కోసం సీటు కింద 13 సెంటీమీటర్ల నలిగే దిమ్మె పట్టాలి. మరీ గట్టి ఫోమ్ పెడితే నలగకుండా దెబ్బనంతా నడుముకే పంపుతుంది. మరీ మెత్తనిది పెడితే మొదటే అణిగిపోయి, చివర్లో నేల తగులుతుంది. 1988లో అమెరికా నిబంధనల్లో చేర్చిన సీటు పరీక్షలో నడుము వెన్ను మీద పడే నొక్కుడు 1,500 పౌన్లు, అంటే సుమారు 680 కిలోలు మించకూడదని పెట్టారు. మీ చట్రంలో సీటుకూ అడుగు పైపులకూ మధ్య ఖాళీ ఎంత ఉందో కొలిచి రాయండి. ఆ ఖాళీలోకి కంట్రోల్ రాడ్లు, కేబుళ్లు ఏవీ రాకుండా ఉంటేనే దిమ్మె గురించి ఆలోచిద్దాం.

చివరగా పరీక్ష. చిన్న విమానానికి ఎగిరేటప్పుడు 3.8 జీ పరిమితి అయితే మీ బరువుకు 323 కిలోలు. దానికి ఒకటిన్నర రెట్లు 484.5 కిలోలు. మొదటి బరువు దించిన తర్వాత సీటు ఎక్కడా వంగి మిగలకూడదు, రెండో బరువు కింద కనీసం మూడు సెకన్లు విరగకుండా నిలవాలి. ఒక్కో సంచిలో 25 కిలోల ఇసుక తూచి పోస్తే 13 సంచులకు మొదటిది, 20 సంచులకు రెండోది తీరుతుంది. సంచులను ఒకేచోట పేర్చకుండా, మనిషి కూర్చున్నట్టు తుంటి దగ్గర ఎక్కువగా, తొడల వైపు తక్కువగా, కొంత వీపుకు ఆన్చి సర్దండి. సీటును చట్రం మీదే బిగించి పరీక్షించాలి, నేల మీద పెట్టి కాదు.

చర్లపల్లి షెడ్డు

ఇద్దరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నమూనా ముక్కను నిన్న కోసి చూశాను. డొల్ల ఉన్నచోట పొర వెనుక భాగం అద్దంలా నున్నగా ఉంది, ఫోమ్ పొడి ఒక్క రేణువు కూడా అంటలేదు. పక్కనే చదునుగా ఉన్నచోట పీకితే ఫోమ్ చిరిగి పొరకే అంటుకుని వచ్చింది. సీటు అడుగుకూ పైపులకూ మధ్య 11 సెంటీమీటర్లు ఉంది, కానీ ఎలివేటర్ రాడ్ (స్టిక్ నుంచి తోక రెక్కను కదిలించే కడ్డీ) నడిమధ్యగా పోతోంది. బెల్టులు చట్రానికే బిగిస్తాను. రూపకర్తకు కొలతలతో రాశాను.

నాదర్‌గుల్ పైలట్ (జవాబు)

రాడ్ నడిమధ్యగా పోతున్నప్పుడు, దానికి ఇరువైపులా రెండు దిమ్మెలుగా చేయవచ్చునేమో తార్నాక గారే చెప్పాలి. నలిగిన ఫోమ్ ముక్క ఒక్కటి రాడ్‌కు అడ్డుపడినా అది వేరే ప్రమాదం. నేను ఎగరడం నేర్పేవాడిని కనుక, కూర్చునేవాడి వైపు నుంచి రాస్తున్నాను.

దిండు కోసం సోఫా ఫోమ్ కొనకండి. అది దెబ్బను అణచదు. మొదట మిమ్మల్ని ఆలస్యంగా దించి, ఆ వేగంతో గట్టి సీటుకు కొట్టి, తిరిగి పైకి ఎగరేస్తుంది. ఒత్తిడికి నిదానంగా లొంగి, నిదానంగానే తేరుకునే మెమరీ ఫోమ్ జాతిది వాడండి. ఇది 1966లో నాసా కోసం, విమాన సీట్లను దృష్టిలో పెట్టుకుని చేసిన పదార్థమే. దాని గుణం వేడితో మారుతుందన్న సంగతి గుర్తుంచుకోండి. జనవరి ఉదయం చెక్కలా ఉంటుంది, మేలో ఎండకు నిలబెట్టిన విమానంలో పిండిముద్దలా అవుతుంది. గట్టిరకం కింద, మెత్తరకం పైన వేసి, మొత్తం 4, 5 సెంటీమీటర్లు దాటకుండా చూసుకోండి.

వీపు వెనుక మాత్రం మందపాటి దిండు అసలు వద్దు. పరుగు మొదలవగానే శరీరం వెనక్కి అణిగి, చేతికి అందిన థ్రాటిల్, కాళ్లకు అందిన పెడళ్లు రెండు మూడు సెంటీమీటర్లు దూరమవుతాయి. ఆ క్షణంలో అది చిన్న దూరం కాదు. మీ ఇసుక గుంత కొలత ఉండగా వీపుకు దిండుతో పనేముంది?

గుడ్డ వేసే ముందే, ఒట్టి ఫోమ్ షీటును అచ్చుతో సహా చట్రంలో పెట్టి కూర్చుని చూడండి. స్టిక్‌ను పూర్తిగా వెనక్కి లాగి, ఎడమకు, కుడికి చివరిదాకా తిప్పండి. తొడకు గాని, సీటు ముందు పెదవికి గాని ఎక్కడా తగలకూడదు. తలకూ కానోపీకీ (పైన ఉండే పారదర్శక మూతకూ) మధ్య పిడికిలి పట్టాలి. సీటు తొడుగుకు లేత రంగు గుడ్డ ఎంచుకోండి. గది వేడికే గట్టిపడిన ఎపాక్సీ, కానోపీ కింద ఎండలో కాగే నల్లటి రెక్సిన్‌ను భరించాల్సిన అవసరం లేదు.

చర్లపల్లి షెడ్డు

ఆరు వారాల తర్వాత రాస్తున్నాను. రూపకర్త జవాబిచ్చారు: బెల్టులు చట్రం మీదే ఉన్నంతవరకు, పరీక్ష ఫొటోలు పంపితే అంగీకరిస్తానన్నారు. రాడ్‌కు ఇరువైపులా దిమ్మెలు, వాటి మధ్య పల్చటి అల్యూమినియం రేకు అడ్డు పెట్టమన్నారు. ఆ నక్షను తార్నాక గారికి విడిగా పంపాను.

సీటును సాయంత్రం 5:20కి మొదలుపెట్టి రాత్రి 9 గంటలకు ముగించాను. మరునాడు పాలిస్టర్ గుడ్డ పీకినప్పుడు చరచరమని శబ్దం చేస్తూ ఒకే ముక్కగా వచ్చింది, కింద ఒక్క తెల్ల మచ్చ కూడా లేదు. వంపు పొడవునా బిళ్లతో తట్టాను, ఎక్కడా డొల్ల లేదు. బరువు 3 కిలోల 100 గ్రాములు తూగింది. కూర్చునే చోట ఫోమ్ మందం, ముందు అంచు మీది మూడో పొర కలిసి పెరిగిన బరువది.

గత ఆదివారం చట్రం మీద బిగించి, నడిమధ్యన డయల్ గేజీ పెట్టి, మా బావమరిది ఒక్కో సంచి అందిస్తుంటే నేను సర్దాను. 13 సంచులకు నడుమ 6 మిల్లీమీటర్లు దిగింది, దించేశాక ముల్లు సున్నాకు తిరిగి వచ్చింది. మళ్లీ ఎక్కిస్తుండగా 17వ సంచికి ముందు ఎడమ క్లాంపు దగ్గర టక్కున ఒక శబ్దం వినిపించింది. వెంటనే సంచులన్నీ దించి విప్పి చూశాం. అక్కడ ప్లైవుడ్ ముక్క అంచు వెంబడి ఫోమ్ నలిగి, పై పొర 4 సెంటీమీటర్ల మేర ముడత పడింది. తార్నాక గారు ముక్క క్లాంపు కన్నా బాగా పెద్దదిగా, అంచులు ఏటవాలుగా ఉండాలని స్పష్టంగా రాశారు. మిగిలిన మూడు చోట్లా అలాగే చేశాను. ఈ ఒక్కచోట పైపు వెల్డింగ్ అడ్డం వస్తోందని 5 సెంటీమీటర్ల చదరం ముక్కను నిటారు అంచుతో పెట్టి సరిపెట్టుకున్నాను.

ఆ మూల వరకు పొరలు రుద్ది తీసేసి, ఫోమ్ కోసి, 10 సెంటీమీటర్ల ప్లైవుడ్‌ను ఏటవాలు అంచులతో చెక్కి సిద్ధంగా ఉంచాను. వెల్డింగ్‌కు తగలకుండా కింది వైపు చిన్న గుంత తీశాను. కొత్త పొరలు పాత పొరల మీదికి 5 సెంటీమీటర్ల దాకా పాకేలా కోసిపెట్టాను. రేపు సాయంత్రం వేస్తాను. పూర్తిగా గట్టిపడడానికి వారం రోజులు వదిలి, మళ్లీ మొదటి సంచి నుంచి 20 దాకా ఎక్కించి, అంకెలు ఇక్కడే రాస్తాను.